రేడియోహెడ్ రెండో ఆల్బమ్ ‘ది బెండ్స్’: మారిన శబ్దం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ బృందం, ఏ ఆల్బమ్, ఎప్పటిది?

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ స్కూల్లో చదువుకున్న అయిదుగురు కుర్రాళ్ల బృందం రేడియోహెడ్. టామ్ యార్క్ పాడతాడు, గిటార్ వాయిస్తాడు. జానీ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్ గిటార్లు, జానీ అన్న కోలిన్ గ్రీన్‌వుడ్ బేస్, ఫిల్ సెల్వే డ్రమ్స్. ‘ది బెండ్స్’ వాళ్ల రెండో ఆల్బమ్. పార్లోఫోన్ అనే రికార్డింగ్ సంస్థ 1995 మార్చి 13న బ్రిటన్‌లో విడుదల చేసింది. అమెరికాలో ఏప్రిల్ 4న వచ్చింది. మొత్తం 12 పాటలు, 48 నిమిషాల పైచిలుకు. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 4వ స్థానం దాకా ఎక్కింది. అమెరికాలో 88 దగ్గరే ఆగిపోయింది.

రెండో ఆల్బమ్ మీద అంత ఒత్తిడి ఎందుకు వచ్చింది?

వాళ్ల పాత పాట ‘క్రీప్’ వల్ల. 1992లో వచ్చినప్పుడు ఆ పాటను బ్రిటన్ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత బయటి దేశాల్లో పాకి, 1993లో మళ్లీ విడుదలై బ్రిటన్‌లో 7వ స్థానానికి వెళ్లింది. అప్పటినుంచి కచేరీలకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ ఒక్క పాట కోసమే వచ్చేవారు. ‘ఒక్క హిట్ బృందం’ అన్న ముద్ర పడబోతున్న రోజులవి. ‘మై ఐరన్ లంగ్’ పాట సరిగ్గా దీని గురించే. ఊపిరి ఆడించే యంత్రమే మనిషిని బంధించి పెట్టినట్టు, బృందాన్ని బతికించిన పాటే దాన్ని కట్టేసిందని చెప్పుకున్నారు.

ఆల్బమ్ పేరూ అక్కడిదే: ‘క్రీప్’తో మరీ వేగంగా పైకొచ్చామని. లోతు నీళ్లలోంచి డైవర్ మరీ వేగంగా పైకి వస్తే, ఒత్తిడి వల్ల రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది, కీళ్లు విపరీతంగా నొప్పిపెడతాయి. ఆ జబ్బుకు వాడుకలో ఉన్న పేరే ‘ది బెండ్స్’.

మొదటి ఆల్బమ్‌తో పోలిస్తే శబ్దంలో అసలు మారింది ఏమిటి?

‘మెత్తబడింది’ అనేవాళ్లున్నారు, ‘గట్టిపడింది’ అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సగం నిజాలే. అసలు మార్పు పని పంపకంలో ఉంది.

మొదటి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’ 1992లో మూడు వారాల్లో, ఎక్కువ భాగం చిప్పింగ్ నార్టన్ స్టూడియోలో రికార్డయింది. అమెరికన్ నిర్మాతలు షాన్ స్లేడ్, పాల్ కోల్డరీ చేశారు. అందులో చాలా పాటల్లో మూడు గిటార్లూ దాదాపు ఒకే కార్డ్‌లను (కలిపి మోగించే స్వరాల గుంపులను) ఒకే లయలో కొడతాయి. పల్లవి వచ్చేసరికి అందరూ శబ్దాన్ని గరుకుగా చేసే డిస్టార్షన్ పెడల్ తొక్కుతారు. శబ్దం దట్టంగా ఉంటుంది, కానీ ఎవరేం వాయిస్తున్నారో విడిగా వినపడదు.

‘ది బెండ్స్’లో ముగ్గురి పాత్రలూ విడిపోయాయి. యార్క్ పాటకు ఆధారంగా ఉండే కార్డ్‌లు పట్టుకుంటాడు. చాలాచోట్ల అది అకూస్టిక్ గిటారే. ఓబ్రయన్ వెనక నేపథ్యం పరుస్తాడు: ఆర్పెజియోలు (కార్డ్ స్వరాలను ఒక్కొక్కటిగా మీటడం), డిలే (ప్రతిధ్వని), సాగే స్వరాలు. జానీ అవసరమైనప్పుడే లోపలికి వస్తాడు, వచ్చినప్పుడు పాటను కుదిపి వెళ్తాడు. వాయించని చోటు కూడా అమరికలో భాగమైంది. అందుకే పెద్ద శబ్దం వచ్చినప్పుడు నిజంగా పెద్దగా వినిపిస్తుంది.

గొంతులోనూ తేడా ఉంది. మొదటి ఆల్బమ్‌లో యార్క్ ఎక్కువగా అరుపు మీద ఆధారపడ్డాడు. ఇక్కడ పై స్థాయిలో సన్నని గొంతును ధైర్యంగా వాడాడు. ‘హై అండ్ డ్రై’ పల్లవి, ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’, ‘బుల్లెట్ ప్రూఫ్’ వరుసగా వింటే తెలుస్తుంది. మా ఉద్దేశంలో తర్వాతి ఆల్బమ్‌లకు గిటార్ల కంటే ఈ గొంతే ఎక్కువ దారి వేసింది.

నిర్మాత జాన్ లెకీని ఎందుకు ఎంచుకున్నారు?

ఆయన అబ్బే రోడ్ స్టూడియోలో కిందిస్థాయి నుంచి పైకొచ్చిన ఇంజనీర్. మ్యాగజీన్ బృందం తొలి ఆల్బమ్ (1978), ది స్టోన్ రోజెస్ తొలి ఆల్బమ్ (1989) ఆయన చేసినవే. రేడియోహెడ్‌కు మ్యాగజీన్ అంటే బాగా ఇష్టం. లెకీ అప్పటికి రైడ్ బృందం ఆల్బమ్ పనిలో ఉండటంతో రికార్డింగ్ కొంత వెనక్కి జరిగింది.

రికార్డింగ్ మొదట్లో ఎందుకు ముందుకు సాగలేదు?

1994 ఆరంభంలో లండన్‌లోని ఆర్‌ఏకే స్టూడియోలో మొదలుపెట్టారు. సంస్థకు ముందుగా ఒక సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) కావాలి. ‘సల్క్’, ‘ది బెండ్స్’, ‘నైస్ డ్రీమ్’, ‘జస్ట్’: ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ‘క్రీప్’ అంత పెద్ద పాట అవుతుందని ఆశించారు. దాంతో ప్రతి పాటనూ సింగిల్ లాగే తీర్చిదిద్దాల్సి వచ్చింది. ఒక్క గిటార్ శబ్దం కోసం, ఒక్క డ్రమ్ శబ్దం కోసం రోజులకు రోజులు పోయాయి. జానీ ‘ప్రత్యేకమైన’ శబ్దం కోసం అద్దె గిటార్లు, ఆంప్‌లు తెప్పించి ప్రయత్నించి, చివరికి తన పాత టెలికాస్టర్ గిటార్ దగ్గరికే వచ్చాడు.

ఇక్కడ జరిగిన పొరపాటును ఇంట్లో రికార్డ్ చేసుకునే ప్రతి బృందమూ గమనించాలి. పాట అమరిక తేలకముందే శబ్దాన్ని వెతికితే, ఏ శబ్దం బాగుందో తేల్చడానికి కొలబద్దే ఉండదు. విడిగా వింటే అద్భుతంగా ఉన్న గిటార్ టోన్ పాటలో పెట్టగానే గొంతును మింగేస్తుంది.

ముడి విప్పింది పర్యటన. సింగిల్ గడువును పక్కనపెట్టి, బృందం ఆ వేసవిలో కచేరీలకు బయల్దేరింది. జనం ముందు వాయించేటప్పుడు ఏ భాగం పనిచేస్తుందో, ఏది అనవసరమో వెంటనే తెలిసిపోతుంది. తిరిగొచ్చాక ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ది మానర్ స్టూడియోలో పని చకచకా నడిచింది. మిగిలింది అబ్బే రోడ్‌లో పూర్తిచేశారు.

‘మై ఐరన్ లంగ్’ కచేరీ రికార్డింగ్ అంటారు, నిజమేనా?

నిజమే. 1994 మే 27న లండన్‌లోని ఆస్టోరియా కచేరీ హాల్లో వాయించినప్పుడు రికార్డైన వాద్యాలవే. యార్క్ గొంతును మాత్రం తర్వాత మళ్లీ పాడించి చేర్చారు, జనం చప్పుడు తీసేశారు. స్టూడియోలో పాట ఎంత చేసినా పదును రాలేదు, వేదిక మీద ఒక్క రాత్రిలో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఈపీగా (కొన్ని పాటల చిన్న రికార్డుగా) ముందుగా విడుదలై, తర్వాత ఆల్బమ్‌లో 8వ పాటగా చేరింది.

‘ప్లానెట్ టెలెక్స్’ మిగతా పాటల్లా లేదేం?

అది పుట్టిన తీరే వేరు. ఆర్‌ఏకేలో ఒక రాత్రి బయట తిని తాగి వచ్చి, అప్పటికప్పుడు కట్టిన పాట. ‘కిల్లర్ కార్స్’ అనే తమ మరో పాటలోంచి డ్రమ్స్ ముక్కను లూప్ చేశారు, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చేలా పెట్టారు. పియానోను రోలాండ్ స్పేస్ ఎకో అనే టేప్ డిలే యంత్రాల గుండా పంపారు. మొదలవగానే వినిపించే ఆ అలల్లాంటి కార్డ్‌లు గిటార్ కాదు, పియానోయే. ముందు పేరు ‘ప్లానెట్ జిరాక్స్’. అది ఒక సంస్థ ట్రేడ్‌మార్క్ కావడంతో మార్చారు.

ఆల్బమ్‌లో మొదటి స్థానం దీనికివ్వడం చాలా తెలివైన పని. ‘క్రీప్’ కోసం క్యాసెట్ కొన్నవాడికి మొదటి పది సెకన్లలోనే ఇది వేరే బృందమని అర్థమవుతుంది.

ఈ శబ్దం ఇంట్లో కావాలంటే: టేప్ ఎకో ప్లగిన్‌ను పియానో ట్రాక్ మీద పెట్టండి. రిపీట్ వేగాన్ని పాట టెంపోకు కుదర్చండి, ప్రతిధ్వనుల ట్రెబుల్ కాస్త తగ్గించండి, ఇంటెన్సిటీ (ప్రతిధ్వని ఎన్నిసార్లు తిరిగి రావాలో చెప్పే నాబ్) సగానికి అటూఇటూ ఉంచండి. ఇంటెన్సిటీ మరీ పెంచితే ప్రతిధ్వని తననుతానే పోషించుకుంటూ ఊళ పెడుతుంది. తక్కువ స్వరాలు పేరుకుని బేస్‌ను కమ్మేస్తాయి కాబట్టి ఎకోకు ముందు తక్కువ స్వరాలను కోసేసే హై-పాస్ ఫిల్టర్ వేయడం మరిచిపోవద్దు.

‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’ అంత నెమ్మదిగా మొదలై అంత పెద్దగా ఎలా అవుతుంది?

ముందు అకూస్టిక్ గిటార్, గొంతు మాత్రమే. యార్క్ వాయిస్తూనే పాడి ఆ రెంటినీ ఒకేసారి రికార్డ్ చేశాడు. లండన్‌లోని ది గరాజ్ అనే కచేరీ హాల్లో అమెరికన్ గాయకుడు జెఫ్ బక్లీ కచేరీ చూసి వచ్చిన ప్రభావం ఆ గొంతులో ఉంది. తర్వాత జానీ హామండ్ ఆర్గన్, జాన్ మథయస్ వయొలిన్ వయోలాలు, కెరొలైన్ లవెల్ చెల్లో ఒకదాని వెంట ఒకటి చేరతాయి. మూడో చరణంలో డిస్టార్షన్ గిటార్లు విరుచుకుపడతాయి. చివర అన్నీ తప్పుకుని మళ్లీ గొంతు మిగులుతుంది.

వేదిక మీద ఈ పాట వాయించే బృందాలు ఎక్కువగా చేసే తప్పు: డ్రమ్మర్ రెండో చరణానికే పూర్తి బలం వాడేస్తాడు. ఇక మూడో చరణానికి ఎక్కడానికి చోటుండదు. రెండో చరణం దాకా స్నేర్‌ను మెత్తగా ఉంచి, క్రాష్ సింబల్‌ను మూడో చరణం వరకూ తాకకుండా ఉండండి. డిస్టార్షన్ గిటార్‌ను అంతకుముందు అసలు వినిపించనివ్వొద్దు.

‘జస్ట్’లో ఆగకుండా ఎక్కుతూ పోయే గిటార్ స్వరాలు ఏ స్కేల్‌లోవి?

ఆక్టటోనిక్ స్కేల్. అర స్వరం, పూర్తి స్వరం అంతరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఒక స్థాయికి (ఆక్టేవ్‌కు) ఎనిమిది స్వరాలు. బడి రోజుల నుంచి ఫ్రెంచ్ స్వరకర్త ఒలివియే మెస్సియాన్ సంగీతం అంటే జానీకి ప్రాణం, ఈ స్కేల్ మెస్సియాన్‌కు ఎంతో ఇష్టమైనది. ఒక పాటలో ఎన్ని కార్డ్‌లు ఇరికించగలమో చూద్దామని యార్క్, జానీ పోటీపడి రాసిన పాట ఇది.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇంకోలా చెప్పొచ్చు. ఈ స్వరాలు స, శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, ప, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం. గాంధారాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, స్వరాలు ఎనిమిది. అందువల్ల 72 మేళకర్తల్లో దేనిలోనూ ఇమడదు. మన చెవికి ‘ఎక్కడ నిలబడాలో తెలియని’ భావన కలగడానికి కారణం అదే.

గిటార్ మీద సాధన: ఒకే తీగ మీద 0, 1, 3, 4, 6, 7, 9, 10, 12 ఫ్రెట్లు వాయించండి. ఈ స్కేల్‌లో ఒక సదుపాయం ఉంది. ఏ వేలి వరసనైనా మూడు ఫ్రెట్లు పైకి జరిపితే మళ్లీ అవే స్వరాలు వస్తాయి. కాబట్టి ఒక్క వరస నేర్చుకుని జరుపుకుంటూ పోతే చాలు. ఆ భాగం నాలుగు స్థాయుల మీదుగా సాగుతుంది. 22 ఫ్రెట్ల గిటార్‌లో అడుగు తీగ నుంచి పై చివర దాకా పూర్తి నాలుగు స్థాయులు పట్టవు, రెండు ఫ్రెట్లు తక్కువ పడతాయి. పై అంచుకు స్వరాన్ని పైకి జరిపే వామీ పెడల్ సాయం తీసుకోండి.

జానీ గిటార్ శబ్దానికి ఏమేం కావాలి? ఎక్కడ తేడా వస్తుంది?

ఆ రోజుల్లో ఆయన ప్రధాన సామాను ఇది: లేస్ సెన్సర్ పికప్‌లున్న ఫెండర్ టెలికాస్టర్ ప్లస్, మార్షల్ ష్రెడ్‌మాస్టర్ డిస్టార్షన్ పెడల్, డిజిటెక్ వామీ, శుభ్రమైన శబ్దానికి వాక్స్ ఏసీ30 ఆంప్, డిస్టార్షన్‌కు ఫెండర్ ఎయిటీ-ఫైవ్ అనే సాలిడ్ స్టేట్ ఆంప్. ష్రెడ్‌మాస్టర్‌లో గెయిన్, బేస్, కాంటూర్, ట్రెబుల్, వాల్యూమ్ అని అయిదు నాబ్‌లుంటాయి. ఇందులో కీలకం కాంటూర్, అది మధ్య ఫ్రీక్వెన్సీలను తోడేస్తుంది.

అన్నీ కొననక్కర్లేదు. ఏ డిస్టార్షన్ పెడల్ అయినా, పిచ్ మార్చే ఏ పెడల్ అయినా పని జరుగుతుంది. వరస మాత్రం ముఖ్యం.

ముందు గిటార్, వెంటనే పిచ్ పెడల్, దాని తర్వాత డిస్టార్షన్, ఆ తర్వాత డిలే, చివర ఆంప్. పిచ్ పెడల్ స్వరాన్ని గుర్తుపట్టి మారుస్తుంది. డిస్టార్షన్ దాటొచ్చిన సిగ్నల్‌లో అదనపు హార్మోనిక్స్ గుంపుగా ఉండటంతో గుర్తుపట్టలేక స్వరం వణుకుతుంది. పాత వామీలకు ఒక్కో స్వరమే సరిగ్గా అందుతుంది, కార్డ్ కొడితే గరగరమంటాయి. ‘మై ఐరన్ లంగ్’ మొదట్లో వినిపించే ఆ వింత శబ్దానికి పెడల్‌ను ఒక ఆక్టేవ్ పైకి పెట్టి, ముందువైపు పూర్తిగా తొక్కి ఉంచండి. తీగలను విడివిడిగా, శుభ్రమైన టోన్‌తో మీటాలి.

తరచూ వచ్చే ఇబ్బందులు:

గెయిన్ ఎక్కువైతే కార్డ్‌లోని స్వరాలు ముద్దయిపోతాయి. మీరు అనుకున్నదానికంటే తక్కువే పెట్టి, వేలి బలం పెంచండి. ఒంటరిగా వాయించేటప్పుడు కాంటూర్ ఎంత బాగున్నా, బృందంతో కలిసేసరికి మధ్య ఫ్రీక్వెన్సీలు లేక గిటార్ మాయమవుతుంది. బృందంతో ఉన్నప్పుడే నాబ్ సర్దుకోవాలి.

అడాప్టర్ విషయంలో జాగ్రత్త. నాలుగో తరం వామీకి 9 వోల్టుల ఏసీ కావాలి, అయిదో తరానికి 9 వోల్టుల డీసీ. సెకండ్‌హ్యాండ్ కొంటే పెడల్ మీద రాసి ఉన్నది చదివాకే ప్లగ్ పెట్టండి.

రెండు ఆంప్‌లు వాడితే గుంయ్‌మని హమ్ రావడం మామూలే, గ్రౌండ్ లూప్ వల్ల. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపండి. అయినా పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేషన్ ఉన్న ఏబీ బాక్స్ (గిటార్‌ను రెండు ఆంప్‌లకు పంపే స్విచ్ పెట్టె) వాడండి. హమ్ పోతుందని ప్లగ్ ఎర్త్ పిన్ తీసేయడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

మా బృందంలో గిటారిస్టులు ఇద్దరే. ఏ పాటలు కుదురుతాయి?

‘హై అండ్ డ్రై’, ‘బుల్లెట్ ప్రూఫ్’, ‘స్ట్రీట్ స్పిరిట్’ హాయిగా కుదురుతాయి. ‘స్ట్రీట్ స్పిరిట్’కు ప్రాణం ‘ఎ మైనర్’ (A minor) కార్డ్‌తో మొదలయ్యే ఆర్పెజియో. పాట పొడవునా దాదాపు ఆగదు, కాబట్టి మణికట్టు బిగుసుకుపోతుంది. సగం టెంపోలో మెట్రొనోమ్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ‘జస్ట్’ మాత్రం ఇద్దరితో పల్చగా వినిపిస్తుంది, మూడో మనిషిని వెతుక్కోండి.

‘హై అండ్ డ్రై’ మిగతా పాటలతో ఎందుకు కలవదు?

1993లో సౌండ్ ఇంజనీర్ జిమ్ వారెన్‌తో రికార్డ్ చేసిన పాత డెమో (నమూనా రికార్డింగ్) అది. బృందం పక్కన పడేసింది, తర్వాత బయటికి తీసి, ఉన్నదున్నట్టే ఆల్బమ్‌లో పెట్టారు. యార్క్‌కు ఆ పాట నచ్చదు. వినేవాళ్లకు మాత్రం బాగా నచ్చింది, 1995లో సింగిల్‌గా 17వ స్థానానికి వెళ్లింది.

‘సల్క్’ చివరి మాటలు మార్చారంటారు?

అవును. 1987లో ఇంగ్లండ్‌లోని హంగర్‌ఫర్డ్‌లో జరిగిన కాల్పుల నేపథ్యంలో రాసిన పాట. చివర తుపాకీ ప్రస్తావన ఉండేది. 1994 ఏప్రిల్‌లో నిర్వానా గాయకుడు కర్ట్ కొబేన్ తుపాకీతో కాల్చుకుని చనిపోయాక, ఆయన గురించే రాశారని అనుకుంటారని ఆ మాటలు తీసేశారు.

లెకీ రికార్డ్ చేస్తే, మిక్సింగ్ అమెరికాలో ఎందుకు జరిగింది?

ఆయన మిక్సింగ్‌కు (రికార్డైన వాద్యాలను, గొంతును సర్ది కలపడానికి) ఎక్కువ సమయం తీసుకుంటున్నారని సంస్థ భావించి, ‘పాబ్లో హనీ’ చేసిన స్లేడ్, కోల్డరీలకు ఇచ్చింది. వాళ్లు మసాచుసెట్స్‌లోని ఫోర్ట్ అపాచీ స్టూడియోలో ఎక్కువ పాటలు మిక్స్ చేశారు. అంతగా మారిన ఆల్బమ్‌లో కూడా డ్రమ్స్, డిస్టార్షన్ ముందుకొచ్చి అమెరికన్ రాక్ లాగా గట్టిగా తగలడానికి ఇదొక కారణం.

నైజెల్ గాడ్రిచ్ పాత్ర ఎంత?

అప్పటికి ఆయన ఆర్‌ఏకేలో ఇంజనీర్. లెకీ ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, ఆ ఖాళీలో బృందంతో కలిసి ‘బ్లాక్ స్టార్’ రికార్డ్ చేశాడు. పైన పర్యవేక్షణ లేకపోయేసరికి అందరూ సరదాగా వాయించిన పాట అది. 1995 సెప్టెంబరులో బోస్నియా యుద్ధ బాధిత పిల్లల సహాయార్థం చేసిన ‘లక్కీ’నీ గాడ్రిచే రికార్డ్ చేశాడు, కొన్ని గంటల్లో ముగిసింది. 1997లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’కు ఆయనే సహ నిర్మాత. రెండో ఆల్బమ్ నుంచి మూడోదానికి ఎలా వెళ్లారో వినాలంటే ‘ప్లానెట్ టెలెక్స్’, ‘బ్లాక్ స్టార్’, ‘లక్కీ’ ఈ వరసలో వినండి.

కవర్ మీద ఉన్న ముఖం ఎవరిది?

మనిషిది కాదు. గుండె ఆగినవాళ్లకు ప్రథమ చికిత్స నేర్పడానికి వాడే బొమ్మ. యార్క్, ఆయన యూనివర్సిటీ స్నేహితుడు స్టాన్లీ డాన్‌వుడ్ ఐరన్ లంగ్ యంత్రాన్ని వీడియో తీద్దామని ఆసుపత్రికి వెళ్లారు. యంత్రం చూడ్డానికి సాదాసీదాగా ఉంది, పక్కన ఈ బొమ్మ కనిపించింది. వీడియోను టీవీలో వేసి, ఆ తెరను ఫోటో తీశారు. రంగుల్లో ఉన్న గీతలు ఆ టీవీవే.

ఏ ప్రతి కొనాలి?

పాటలు మాత్రమే కావాలంటే 1995 నాటి పాత సీడీ చాలు. 2009లో వచ్చిన కలెక్టర్స్ ఎడిషన్ బృందం ప్రమేయం లేకుండా సంస్థ తెచ్చింది. అందులో ప్రధాన ఆల్బమ్‌ను రీమాస్టర్ చేయలేదు (శబ్దాన్ని కొత్తగా మెరుగుదిద్దలేదు), కాబట్టి శబ్దం మెరుగుపడుతుందని కొనకండి. రెండో డిస్క్‌లోని ‘మై ఐరన్ లంగ్’ ఈపీ పాటలు, ఇతర బీ-సైడ్‌ల (సింగిల్‌తో పాటు ఇచ్చే అదనపు పాటల) కోసమైతే తప్పక కొనొచ్చు. ‘ది ట్రిక్‌స్టర్’, ‘టాక్ షో హోస్ట్’ వింటే మార్పు ఎంత వేగంగా జరిగిందో తెలుస్తుంది. ఎల్పీ కావాలంటే ఎక్స్ఎల్ రికార్డింగ్స్ 2016లో మళ్లీ ముద్రించినది చూడండి.

మొదటిసారి వినేవాళ్లు ఎలా వినాలి?

షఫుల్ ఆపేయండి, ఈ పాటల వరస జాగ్రత్తగా పేర్చినది. మొదటిసారి 12 పాటలూ వరుసగా, హెడ్‌ఫోన్లలో. రెండోసారి ఒక్క ఓబ్రయన్ గిటార్‌నే పట్టుకుని వెంబడించండి. ‘నైస్ డ్రీమ్’లో, ‘స్ట్రీట్ స్పిరిట్’లో మొదలుపెడితే తేలిక. మూడోసారి జానీ ఎక్కడ వాయించకుండా ఊరుకున్నాడో గమనించండి. ఆ తర్వాత ‘పాబ్లో హనీ’ పెట్టి, అక్కడా ముగ్గురినీ విడదీసి వినడానికి ప్రయత్నించండి. ఎక్కువ పాటల్లో కుదరదు.